టాపు లేని కారు

కైకలూరు దాటినప్పటి నుంచీ జెస్సీ కారు కిటికీ అద్దం దించుతోంది, ఎత్తుతోంది, మళ్లీ దించుతోంది.

"అమ్మడూ, ఆ హ్యాండిల్ ఊడి నీ చేతికొచ్చిందంటే ఇవాళ స్పోర్ట్స్ కారు సంగతి దేవుడెరుగు, పాత హ్యాండిల్ కొనుక్కుని ఇంటికెళ్లాలి," అన్నాడు బెంజమిన్.

బెంజమిన్ ఆమెకు మేనమామ. తాడేపల్లిగూడెంలో పెళ్లికార్లు అద్దెకిస్తాడు. గులాబీలు, రిబ్బన్లు, అద్దం మీద థర్మోకోల్ అక్షరాలతో పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు... అన్నీ ఆయనే అతికిస్తాడు. జెస్సీ ఏలూరులో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్లకు కారు నేర్పుతుంది. ఇద్దరూ కలిసి కలిదిండి దగ్గర చేపల చెరువుల ఆసామి అబ్బాయిరాజు గారి షెడ్డుకి పోతున్నారు. పైకి కారు కొనడానికి. లోపల సంగతి వేరు.

"మావయ్యా, ఏది తీసుకుంటున్నట్టు మనం?"

"కూపేనే కదా అనుకున్నాం? నిన్న రాత్రంతా అదే అన్నావు. పొద్దున కన్వర్టిబుల్ అన్నావు. వట్లూరు దగ్గర మళ్లీ కూపే అన్నావు. నీ పెళ్లికి కూడా ఇంత ఆలోచించలేదు నువ్వు."

జెస్సీ నవ్వలేదు. తప్పు కారు ఎంచుకుంటే తమ్ముడు జైలుకి పోతాడు.

పోయిన శనివారం మధ్యాహ్నం, వాన దంచి కొడుతుండగా, చిలకలంక గట్టు మీద బాతులు తోలుకొస్తున్న యేసుదాసుని ఓ ఎర్ర కారు గుద్ది, ఆగకుండా పోయింది. కాలు నుజ్జయి యేసుదాసు ఏలూరు పెద్దాసుపత్రిలో పడున్నాడు. ఆ చుట్టుపక్కల ఎర్ర కార్లంటే అబ్బాయిరాజు గారివే. జపాన్ నుంచి ఎవరో తెప్పించుకుని వాడి వదిలేసినవి, పాతవే అయినా ఆ గట్ల మీద అవి రెండు విమానాలు. ఒకటి ఇనప టాపున్న కూపే. దాన్ని పనుల మీద తిప్పేది డ్రైవరు అజయ్, అంటే జెస్సీ తమ్ముడు. రెండోది కన్వర్టిబుల్. అది పెళ్లిళ్ల ఊరేగింపులకు తప్ప బయటికి రాదు. దాన్ని రాజుగారే స్వయంగా తోలతారు. వధూవరుల్ని వెనక అంచు మీద కూర్చోబెట్టి, పెళ్లికొడుకు కన్నా తానే ఎక్కువగా చేతులూపుతారు. ఊళ్లో చిన్నాపెద్దా దాన్ని 'టాపు లేని కారు' అంటారు.

గుద్దిన కారుని చూసింది ఒక్క మనిషే, యేసుదాసు భార్య వరమ్మ. "ఎర్ర కారండి. టాపున్న కారు," అని ఊరి పెద్దల ముందు చెప్పింది.

ఇంకేముంది? టాపున్న కారు కూపే. కూపే తోలేది అజయ్. 'ఆ రోజు దాని తాళం కూడా తియ్యలేదు మొర్రో' అని అతను ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురి ముందూ ఒప్పుకోవాలి, లేకపోతే సోమవారం కేసు పెడతాం అన్నారు పెద్దలు. ఇవాళ శనివారం. ఇంతలో రాజుగారు రెండు కార్లూ అమ్మకానికి పెట్టేశారు. విశాఖపట్నం నుంచి ఒక ఆసామి మూడు గంటలకి వచ్చి రెండూ పట్టుకుపోతాడట. బెంజమిన్ ఫోను చేసి బతిమాలితే, "సరేనండి, ఏదో ఒకటి మీరు తీసుకోండి," అన్నారు.

ఒకటే ఆపగలరు. రెండోది విశాఖ దాటి ఎటు పోతుందో ఎవరికీ తెలీదు.

కూపే ఆపితే, దాని ముందు భాగం చెక్కుచెదరలేదని పెద్దలకు చూపించవచ్చు. జెస్సీ మొదటి లెక్క అది. గుద్దింది కన్వర్టిబుల్ అయితే దాని మీది దెబ్బ చూపించవచ్చు, కానీ దానికి టాపు లేదు. అలాగని, కూపేని ఉన్నదున్నట్టు అమ్మేసేంత అమాయకులా రాజుగారు?

* * *

రాజుగారు షెడ్డు ముందే నిలబడి ఉన్నారు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, ఇస్త్రీ నలగని ప్యాంటు. పోయినేడు కొల్లేటి సరస్సులో అక్రమ గట్లన్నీ కొట్టేసినప్పుడు ఆయన చెరువులు సగం పోయాయంటారు గానీ, ఆ ముఖంలో ఆ ఛాయలేం లేవు.

"రండి, రండి. ఎండగా ఉందండి, లోపలికి రండి. మజ్జిగ తాగుతారా అండి?"

"ఎండెక్కడుందండి, మబ్బేస్తుంటే?" అన్నాడు బెంజమిన్. "మా మేనకోడలండి, ఏలూరులో ఉంటుంది. డ్రైవింగ్ తెలుసు. నాకు రిబ్బన్లు కట్టడమే తెలుసు, ఇంజను చూడ్డం తనకి తెలుసు."

"ఆయ్, సంతోషం అండి."

రెండు కార్లూ పక్కపక్కన ఉన్నాయి. బెంజమిన్ ఒక్క క్షణం తను వచ్చిన పని మర్చిపోయాడు. అసలు కొనుగోలుదారు లోపల్నుంచి లేచాడు.

"జెస్సీ, కూపే అయితే ఏసీ ఉంటుంది. మే నెలలో పెళ్లికూతురి మేకప్పు కారిపోదు. వెనక ఓ చిన్న సీటుంది, తోడపెళ్లికూతుర్ని కుక్కొచ్చు. కానీ ఎవరికి కనబడతారు లోపల కూర్చుంటే? అద్దె ఇచ్చేది కనబడ్డానికేగా! కన్వర్టిబుల్ అయితే ఊరంతా చూస్తుంది. చూడు, ఆ బానెట్టు చూడు. అబ్బ! కాకపోతే రెండే సీట్లు. పెళ్లికూతురు తల్లి ఎక్కుతానని పేచీ పెడితే?"

"ఎక్కనివ్వకండి," అన్నారు రాజుగారు నవ్వుతూ. "నా మాట వింటే కూపే తీసుకోండి. మన్నికైన బండండి."

జెస్సీ అప్పటికే కూపే ముందు మోకాళ్ల మీద కూర్చుంది. బంపరు మీద వేలు పెట్టి రాసింది. ఎరుపు మిగతా ఒంటి మీది ఎరుపు కన్నా ఒక్క పిసరు ఎక్కువ మెరుస్తోంది. పెయింటు వాసన ఇంకా పోలేదు.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

"అదాండి?" రాజుగారు వంగి చూశారు. "దాచడం నాకిష్టం లేదండి. మా డ్రైవరు కుర్రాడు గట్టు మీద ఎవర్నో గుద్దేశాడు. చిన్న సొట్ట. వెంటనే పెయింటు వేయించాను. బండికేం కాలేదండి."

బెంజమిన్ దగ్గాడు. జెస్సీ తల ఎత్తలేదు, ఎత్తితే ముఖం చూసేస్తాడు. అజయ్ అబద్ధం చెప్పాడా? చిన్నప్పుడు సైకిలు చెయిను ఊడినా అక్క దగ్గరికే వచ్చిన వాడు, దీంట్లో అబద్ధం చెబుతాడా? చెప్పకపోతే ఈ పెయింటేమిటి?

అప్పుడు తట్టింది ఆమెకు. ఈ కారు కొని పెద్దల ముందుకు తోలుకెళ్తే తమ్ముడి మెడకి ఉరి తానే బిగించినట్టు. అందుకేనా, ఇదే తీసుకోమని ఇంత మర్యాదగా చెబుతున్నాడు?

ఆమె లేచి కన్వర్టిబుల్ వైపు నడిచింది. ముందు భాగం చూద్దామని వంగబోతే రాజుగారు అప్పటికే వచ్చి, దాని బంపరు మీద ఒక కాలు ఆనించి నిలబడ్డారు. పక్కకి జరగలేదు.

"ఇది వద్దులెండి. దీన్ని వైజాగ్ ఆయన ముచ్చటపడ్డారు."

"రాజుగారూ, ఒక్క అనుమానం," అన్నాడు బెంజమిన్. "శ్రావణంలో కూడా పెళ్లిళ్లుంటాయి కదండీ. మా చర్చిల్లో అయితే వానలు, మూఢాలు ఏవీ అడ్డం కావు. నడిరోడ్డులో వానొస్తే పెళ్లికూతురు తడిసిన కోడిపిల్లలా ఉంటుంది. దీనికి టాపు లేదాండి?"

"లేదండి."

"అసలుకే లేదా?"

"టాపు లేని కారని మా ఊరంతా అనేది ఊరికేనా అండి?"

చాలా సులువుగా అన్నారు. కానీ డ్రైవింగ్ స్కూల్లో పాత కార్లతో కుస్తీ పట్టే జెస్సీకి, సీట్ల వెనక ఆ నల్లటి మడతలు చూడగానే తెలిసిపోయింది. మడిచిపెట్టిన గుడ్డ టాపు. మడతల సందులో ఎండిన నల్ల బురద. అంటే ఈ మధ్యే దాన్ని పైకి వేశారు, వానలో తడిసింది, మళ్లీ మడతపెట్టారు. కూపేకి ఆ కొత్త పెయింటు వేయించింది నేరం అజయ్ మీదికి తొయ్యడానికే.

ఆమె చెవుల్లో వరమ్మ మాటలు గిర్రున తిరిగాయి. నిన్న ఆసుపత్రి వరండాలో జెస్సీ వెళ్లి పక్కన కూర్చుంటే వరమ్మ ముందు ముఖం తిప్పుకుంది. తర్వాత తనే మాట్లాడింది. "టాపు రెపరెపా కొట్టుకుంటా పోయిందమ్మా. ఆ మాట అంటే నవ్వారు పెద్దలు. కారు టాపు ఎక్కడైనా కొట్టుకుంటదా, కంగారులో నీకేం తెలిసిందన్నారు."

ఆమె కొల్లేటి మనిషి. వానొస్తే పడవ మీద చాపో, పట్టానో కప్పుతారు. అదీ టాపే. గాలికి అది కొట్టుకోవడం ఆమెకి వింత కాదు. గట్టు మీది పెద్దలకి మాత్రం టాపంటే ఇనుము. ఇనప టాపు కొట్టుకోదు కాబట్టి ఆ ముక్క వదిలేసి, మిగతాది పట్టుకున్నారు. వరమ్మ కూడా అంతే. తను చూసింది ఊరేగింపు కారని ఆమెకి కల్లోనైనా రాదు, ఎందుకంటే ఊరేగింపు కారుకి టాపే లేదు. ఎండాకాలం పెళ్లిళ్లలో తప్ప దాన్నెవరూ చూడలేదు.

వరమ్మ ఇవాళ ఊళ్లోనే ఉంది. బాతుల్ని చూసే దిక్కు లేక పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఈ కారు టాపు వేసి ఆమె ముందు నిలబెడితే చాలు.

"మావయ్యా," అంది జెస్సీ, గొంతు మామూలుగా ఉంచడానికి కష్టపడుతూ, "ఇది ఎన్నాళ్లుగానో కదిలినట్టు లేదు. ఇంజను పట్టేసుంటుంది. కూపేనే తీసుకుందాం."

రాజుగారి కనుబొమలు లేచాయి. "పట్టేసిందా అండి?"

"పెళ్లిళ్లకి నలుగురూ నెట్టుకుంటూ పోతారేమోనండి," అన్నాడు బెంజమిన్, మేనకోడలి ఎత్తు అర్థంకాకపోయినా వంతపాడుతూ. "బ్యాండు చప్పుడులో ఎవరికి తెలుస్తుంది లెండి!"

అదొక్కటే ఆ మనిషి భరించలేని మాట. రాజుగారు తాళం తీసి బెంజమిన్ చేతిలో పెట్టారు. "ఒక్క రౌండండి. చూడండి మీరే."

బెంజమిన్ ఎక్కబోయాడు. పొట్టకీ స్టీరింగుకీ సంధి కుదరలేదు. పక్క సీట్లో కూర్చోబోతే రాజుగారు అడ్డం వచ్చారు.

"మేడం తోలతారు. పక్కన నేను కూర్చుంటానండి. రెండే సీట్లు కదా."

* * *

కారు నిజంగానే బాగుంది. గేరు మార్చిన చప్పుడు కూడా మెత్తగా ఉంది. షెడ్డు చుట్టూ తిరగాల్సిన చోట జెస్సీ తిప్పలేదు. నేరుగా చిలకలంక వైపు గట్టు రోడ్డెక్కింది.

"ఇటు కాదండి," అన్నారు రాజుగారు.

"కొంచెం స్పీడు చూద్దామండి."

రెండు పక్కలా చెరువులు. మబ్బు నీళ్ల మీదికి వంగింది. దూరంగా కొంగలు లేచి వేరే చెరువు మీద వాలాయి.

"ఏలూరన్నారు కదండి. ఏలూరులో ఎక్కడండి?"

"అమీనాపేట."

"అట్లాగాండి. మా డ్రైవరు వాళ్ల అక్కదీ అమీనాపేటే. డ్రైవింగ్ స్కూలంట." ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. "పేరు జెస్సీ అనుకుంటానండి."

జెస్సీ యాక్సిలరేటర్ నొక్కింది.

"కారు ఆపండమ్మా."

"తిప్పుకోడానికి చోటు లేదండి."

"స్టీరింగు పట్టుకోమంటారా అండి?"

"పట్టుకోండి. ఎడం పక్కది మీ చెరువు, కుడి పక్కది ఎవరిదో. ఎందులో పడదామో మీరే చెప్పండి."

రాజుగారి చెయ్యి లేచి, మళ్లీ ఒళ్లోకి వెళ్లింది. ఆయన మాట్లాడితే అదే మెత్తదనం, అదే మర్యాద.

"మీ తమ్ముడు చిన్నవాడండి. ఒప్పేసుకుంటే లాయర్ని నేను పెడతాను. బయటికొచ్చాక ఉద్యోగం నాది. నాకైతే ఈ వయసులో పేరు పోతే తిరిగి రాదండి. ఈ లంకల్లో సగం మంది ఆడపిల్లల్ని అత్తారింటికి సాగనంపింది ఈ చేతులే."

"యేసుదాసుని గుద్దింది కూడా ఆ చేతులేనా అండి?"

గట్టు మలుపు తిరిగేసరికి జెస్సీ బ్రేకు మీద నిలబడాల్సి వచ్చింది. రోడ్డు కనబడలేదు. గట్టు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బాతులు. గోధుమరంగు వీపులు, మెడలు నిక్కించి, ఒకటే గోల. కారు వాటి ముందు ఆగింది.

రాజుగారు చటుక్కున వంగి తాళం లాగేశారు. ఇంజను ఆగిపోయింది. తాళం జేబులో వేసుకున్నారు.

"అయిపోయిందండి. ఇప్పుడు మావాళ్లకి ఫోను చేస్తాను. నా కారు దొంగతనంగా తోలుకొచ్చారని చెప్తాను. అక్క మీదొకటి, తమ్ముడి మీదొకటి, రెండు కేసులవుతాయి. ఎందుకొచ్చిన గొడవండి ఇదంతా?"

బాతుల మంద వెనక కాపరి కర్ర ఒకటి ఊగుతోంది గానీ మనిషి తర్వాతి మలుపు అవతల ఉంది, వరమ్మే అయ్యుండాలి. కారు కదలదు. కేకేస్తే వినబడుతుందేమో, కానీ వరమ్మ వచ్చి చూసేది ఏమిటి? టాపు లేని కారు, అందులో రాజుగారు. ఊళ్లో అందరికీ తెలిసిన బొమ్మే.

టాపు మీదికి తనే చెయ్యి చాపితే ఆయన పట్టుకుంటాడు. దిగి పరిగెత్తితే కారు ఇక్కడ ఉండదు.

మొదటి చినుకు బానెట్టు మీద పడింది. తర్వాత అద్దం మీద, తర్వాత సీట్ల మీద.

రాజుగారు ఫోను నంబరు నొక్కుతూ ఆగారు. లేత గోధుమరంగు తోలు సీటు మీద నల్లగా మచ్చలు పడుతున్నాయి. ఆయన అరచేత్తో ఒక మచ్చ తుడిచారు. ఇంకోటి పడింది. ఆయన చూపు సీటు మీదికి పోయింది, స్టీరింగు మీదికి పోయింది, రేడియో మీదికి పోయింది.

జెస్సీ చూసింది. వారం రోజులుగా ఒక చోట నిలవని మనిషి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బొమ్మలా కూర్చుండిపోయింది. కదలకూడదు. తను కదిలితే ఆయనకి గుర్తొస్తుంది.

వాన ఒక్కసారిగా గట్టు మీదికి వచ్చేసింది, కుండపోతగా.

"ఛ!" అన్నారు రాజుగారు. ఫోను ఒళ్లో పడేసి, వెనక్కి వంగి, మడతలు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. నల్ల గుడ్డ టాపు తల మీదుగా వచ్చి ముందు అద్దానికి తగిలింది. ఇటు క్లిప్పు, అటు క్లిప్పు, టక్కు టక్కుమని పడ్డాయి. ఎవరూ లేనప్పుడు షెడ్డులో ఏళ్ల తరబడి అలవాటైన చేతులు, కళ్లతో పని లేదు వాటికి. వెనక ప్లాస్టిక్ అద్దం జిప్పు ఊడిపోయి ఉందేమో, గాలికి ఆ ముక్క రెపరెపా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆయన ఊపిరి పీల్చుకుని కూర్చున్నారు. అప్పుడు జెస్సీ ముఖం చూశారు. తర్వాత తల పైకెత్తి, తాను వేసిన టాపుని చూశారు.

మళ్లీ క్లిప్పు మీదికి చెయ్యి పోయింది. ఆలస్యమైంది.

"ఇదే!" అని కేక వినబడింది. "ఇదే! ఇదేనర్రా, మా ఆయన్ని గుద్దింది!"

బాతుల్ని చీల్చుకుంటూ వరమ్మ వస్తోంది. చీర మోకాళ్ల దాకా దోపుకుని, తల మీద యూరియా సంచి ముసుగు, చేతిలో పొడుగాటి కర్ర. రేవులో పడవలు కట్టుకుంటున్న మగాళ్లిద్దరు ఆ కేకకి గట్టెక్కారు. వరమ్మ కారు వెనక్కి వెళ్లింది, కొట్టుకుంటున్న ప్లాస్టిక్ ముక్కని చేత్తో పట్టుకుంది, వదిలేసింది. ముందుకొచ్చి కిటికీలోంచి లోపలికి చూసింది.

కోపంతో తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"రాజుగోరా?"

జెస్సీ రెండు క్లిప్పులూ తీసి టాపు వెనక్కి తోసేసింది. వాన నేరుగా ఇద్దరి మీదా పడింది. వరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. కారు ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది.

"ఇది ఊరేగింపు కారు కదండీ! మా ఏంజెల్ పెళ్లికి... మీరే కదండీ తోలారు? నేను మీకు హారతిచ్చాను కదండీ."

"వరమ్మా," అన్నారు రాజుగారు. తెల్ల చొక్కా ఒంటికి అంటుకుపోయింది. "వానమ్మా. ఏం కనబళ్లేదు. నిజంగా ఏం కనబళ్లేదు."

"వానేనండి. నాకూ కనబళ్లేదు. కానీ చప్పుడు వినబడుంటది గదండీ." ఆమె కేకలేం వెయ్యలేదు. అడిగింది అంతే. "ఆగలేదేవండీ?"

పడవల వాళ్లలో ఒకతను కారు ముందు కూర్చుని బంపరు అడుగున చెయ్యి పెట్టి చూశాడు. పగులు ఉందని చెప్పాడు, వేలు దూరేంత పగులు. రెండో అతను మాట్లాడకుండా రాజుగారి వైపు తలుపు తీశాడు. లాగలేదు, తీసి నిలబడ్డాడు. రాజుగారు కాసేపు కూర్చుని, తనే దిగారు. అడక్కుండానే తాళం జేబులోంచి తీసి వరమ్మ వైపు చాపారు. వరమ్మ తీసుకోలేదు. పడవతను తీసుకున్నాడు.

"పెద్దల దగ్గరికి పోదాం పదండి," అన్నాడు. "కారుని ఎవరూ ముట్టుకోకండి."

నలుగురూ వానలో ఊరివైపు నడుస్తుంటే బాతులు రెండుగా చీలి దారిచ్చాయి. పెళ్లికూతుళ్లకి తప్ప ఎవరికీ తలుపు తియ్యని మనిషి తల వంచుకుని, బురదలో జారకుండా చూసుకుంటూ పోతున్నాడు. వరమ్మ రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

"నీ తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టానమ్మా ఆసుపత్రిలో."

"మీరు చూసింది మీరు చెప్పారండి. విన్నవాళ్లే సరిగ్గా వినలేదు."

వరమ్మ బాతుల్ని అదిలించుకుంటూ వాళ్ల వెనక పోయింది.

జెస్సీ ఫోనుని పైటచెంగు కింద దాచుకుని నంబరు నొక్కింది. ఒక్క రింగుకే ఎత్తాడు అజయ్.

"అక్కా! ఏమైంది? ఏ కారు ఆపారు?"

ఆమె ముఖం మీది వాన తుడుచుకుంది.

"అక్కా? కూపేనా?"

"కాదురా, టాపు లేనిది. దానికి టాపుంది. వింటున్నావా? ముందు బస్సెక్కు. చిలకలంక వచ్చెయ్యి. రేపటి దాకా ఆగక్కర్లేదు."